వారం ముందే అయిపోయిన వార్షికోత్సవం

రామచంద్రపురం నుంచి స్కూటీ మీద పావుగంట దూరంలో, కాలువ గట్టు దిగగానే ఉండే ప్రాథమిక పాఠశాలలో నేను తొమ్మిదేళ్ళు పనిచేశాను. రెండు గదులు, ఒక వరండా, వెనకాల వంటషెడ్డు. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు. టీచర్లం ఇద్దరమే, హెడ్మాస్టారూ నేనూ. ఆయన పెద్ద తరగతులు చూసుకునేవారు. ఒకటీ రెండూ నావి. ఎవరి పనీ కానివన్నీ కూడా నావే. బడి సంగతులు ఇళ్ళకి చేరవేయడం అలాంటి పనే.

కరోనా సెలవుల్లో పాఠాలు పంపడానికని పిల్లల ఇళ్ళవాళ్ళందరినీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాం. బళ్ళు తెరిచాక పాఠాల అవసరం తీరిపోయింది గానీ గ్రూపు మిగిలింది. ఉంది కదా అని వారానికోసారి బడి కబుర్లు అందులో రాయడం మొదలుపెట్టాను. సోమవారం నులిపురుగుల మాత్రలు వేస్తారు, పిల్లలకి ఏదైనా పెట్టి పంపండి. బుధవారం బూట్ల కొలతలు తీసుకుంటారు. రెండో శనివారం సెలవు. ఇలాంటివే. తప్పుల్లేకుండా, శ్రద్ధగా రాసేదాన్ని. సోమవారం వచ్చేసరికి సగంమంది పిల్లలు ఖాళీ కడుపుతోనే వచ్చేవాళ్ళు.

ఒకరోజు ఒకటో తరగతి పాపని దింపడానికి వచ్చిన వాళ్ళ అమ్మమ్మ నన్ను గుమ్మం దగ్గర ఆపింది. "అక్షరాలు పంపితే మాకేం తెలుస్తాయండీ టీచరు గారూ? మీ నోటితో చెప్పి పంపండి. గొంతయితే అందరం వింటాం" అంది.

ఆ మాట అంతవరకూ నాకే ఎందుకు తోచలేదో తెలీదు. ఆ వారం నుంచి రాయడం మానేశాను. శనివారం సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక వరండాలో కుర్చీ వేసుకుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, ఐదారు నిమిషాలు మాట్లాడి పంపేదాన్ని. ఈ వారం ఏం జరిగింది, వచ్చే వారం ఏముంది. ఒకసారి ఇంట్లో కూర్చుని రికార్డు చేస్తుంటే మా ఆయన విని, రేడియోలో వార్తలు చదివేవాళ్ళు కూడా ఇంత కుదురుగా చదవరని నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ మాత్రలు వేసే రోజున పిల్లలు తిని రావడం మొదలుపెట్టారు.

నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. వార్తల్లో ఏ పిల్ల పేరూ, ఏ పిల్లాడి పేరూ చెప్పకూడదు. ఒకరి పేరు చెబితే పక్కింటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. చిన్న ఊళ్ళో అది వారం రోజుల గొడవ.

ఆ అమ్మమ్మ కూతురు కువైట్‌లో ఉండేది. పాప తండ్రి కొబ్బరి దింపు తీసేవాడట. చెట్టు మీంచి జారిపడి నడుము పోయి, ఏడాది మంచంలో ఉండి చనిపోయాడు. ఆయన పోయాక పాపని తన తల్లి దగ్గర వదిలేసి, ఎవరింట్లోనో పనికి ఆవిడ కువైట్ వెళ్ళింది. మా వైపు ఇదేం కొత్త కాదు. ప్రతి వీధిలోనూ అలా వెళ్ళిన ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. మా బడిలోనే నలుగురు పిల్లలు అమ్మమ్మల దగ్గరో నాయనమ్మల దగ్గరో పెరుగుతున్నారు. కానీ గ్రూపులో తన నంబరు కూడా కలపమని అడిగింది ఈవిడ ఒక్కతే.

మొదటి శనివారమే నాకు విడిగా మెసేజి వచ్చింది. ఆవిడా గొంతే పంపింది. వెనకాల ఏదో మోటారు తిరుగుతున్న చప్పుడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంట్లో అందరూ పడుకుంటారట. అప్పుడు తను బట్టలుతికే మెషీను గదిలో కూర్చుని వార్తలు వింటానని చెప్పింది. "ఒక్కసారి మా పాప పేరు కూడా చెప్పండి మేడం గారూ. మీ నోటంట వినాలని ఉందండి" అంది చివర్లో.

నా నియమం గురించి చెప్పాను. ఆవిడ వెంటనే, నిజమేనండి, అందరూ అడుగుతారు, అని సర్దుకుంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నేనే ఉండబట్టలేక వేరే దారి వెతుక్కున్నాను. పేరు చెప్పకుండా, ఒకటో తరగతిలో ఒకరికి ముందు పన్ను ఊడింది, ఆ పన్ను బడి కప్పు మీదకి విసిరి ముగ్గురు చేతులెత్తి దణ్ణం పెట్టారు, అని చెప్పేదాన్ని. గుడ్డు ఇచ్చిన రోజు ఒకరు తెల్లది తినేసి పచ్చసొన తీసుకెళ్ళి గోడ మీద కాకికి పెడుతున్నారు, ఇళ్ళల్లో కాస్త చెప్పండి, అనేదాన్ని. ఆ మాట ఎవరి గురించో ఆవిడకి తెలిసిపోయేది. సోమవారం లోపు బదులొచ్చేది. పన్ను పైదా కిందదా? కాకికి పెట్టడం ఎప్పట్నుంచి?

ఒకసారి పిల్లలందర్నీ కోరుకొండ మీది గుడికి తీసుకెళ్తున్నామని వార్తల్లో చెప్పాను. ఆ వారం మూడు మెసేజిలు వచ్చాయి. ఆ మెట్లు నిలువుగా ఉంటాయండీ, చిన్నప్పుడు ఎక్కాను, దిగేటప్పుడు కళ్ళు తిరుగుతాయి, చెయ్యి పట్టుకుంటారా, అని. పట్టుకుంటానన్నాను, పట్టుకున్నాను కూడా. కొండ మీద నుంచి పాప ఫోటో తీసి విడిగా ఆవిడకి పంపాను. నియమం గ్రూపుకే గదా అనుకున్నాను.

పాప రెండో తరగతికి వచ్చింది. ఆ ఏడు మా బడికి వార్షికోత్సవం చేద్దామని హెడ్మాస్టారు తలపెట్టారు. అంతకుముందు ఎప్పుడూ చెయ్యలేదు. పై ఏడు నుంచి మూడు, నాలుగు, ఐదు తరగతులు రోడ్డవతల హైస్కూల్లో కలిపేస్తారని అప్పటికే వినబడుతోంది. ఆయనకీ రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. ఉన్న పిల్లలందరూ ఒకచోట ఉండగా ఒక్కసారి చూసుకుందామండీ, అన్నారు. ఫిబ్రవరి ఆఖరి శనివారం పెట్టుకుందామనుకున్నాం. జనవరిలోనే ఆ సంగతి వార్తల్లో చెప్పాను.

సోమవారానికల్లా కువైట్ నుంచి మెసేజి. రెండేళ్ళ కాంట్రాక్టు అయిపోయి కొన్ని నెలలైందట. సెలవు ఇవ్వమని ఆ ఇంటివాళ్ళని అడుగుతూనే ఉందట. ఇప్పుడు అడిగితే రెండు నెలలకి ఒప్పుకున్నారు, టికెట్ తీశారు, కార్యక్రమానికి రెండ్రోజుల ముందు హైదరాబాదులో దిగుతాను, అని చెప్పింది. ఆ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. పాపకి చెప్పవద్దని, తనే వచ్చి ముందు వరసలో కూర్చుంటే చూసుకుంటుందని అంది. అలాగే అన్నాను.

రెండో తరగతి ఆడపిల్లలకి నాట్ల డాన్సు నేర్పాను. పొట్టిగా ఉంటుందని పాపని ముందు వరస మధ్యలో నిలబెట్టాను. నడుముకి కొంగు బిగించి, వంగి నాటు వేస్తున్నట్టు చేసి, లేచి చేత్తో చెమట తుడుచుకోవాలి. మిగతావాళ్ళు నవ్వేసేవాళ్ళు. ఈ పిల్ల నవ్వేది కాదు. పెద్ద మనిషిలా నడుము పట్టుకుని లేచేది. వాళ్ళ అమ్మమ్మ నాట్లకి వెళ్ళొచ్చి సాయంత్రాలు అలాగే లేస్తుంది కాబోలు అనుకున్నాను. అమ్మమ్మ తన పాత ఆకుపచ్చ చీర చింపి లంగా కుట్టించింది.

కార్యక్రమం ఇంకా పదహారు రోజులుందనగా హెడ్మాస్టారు నన్ను పిలిచి, వారం ముందుకి జరుపుదామన్నారు. ముఖ్య అతిథిగా పిలుచుకున్న పెద్దాయన మా ఊరివారే. బడికి ఫ్యాన్లూ మంచినీళ్ళ ఫిల్టరూ ఇచ్చిన మనిషి. ఆఖరి శనివారం ఆయన చెల్లెలిగారింట్లో పెళ్ళి పడిందట.

పాప తల్లి సంగతి చెప్పాను. హెడ్మాస్టారు చెడ్డవారు కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కాసేపు ఆలోచించారు. "పాపం నిజమేనమ్మా. కానీ ఒక్కరి కోసం ఎలా ఆపుతాం చెప్పండి" అన్నారు. పెద్దాయన లేకుండా చేస్తే బాగోదని, పోనీ ఆ తర్వాత వారానికి జరుపుదామంటే ఒంటిపూట బడుల లోపు పరీక్షలున్నాయని, అన్నీ ఆయనే చెప్పారు. అతిథి లేకుండానే చేద్దామండీ, ఎవరికోసం చేస్తున్నాం, అని నేను ఒక్క మాట అనుంటే ఏమయ్యేదో తెలీదు. ఆయన వినేవారేమో కూడా. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. అనలేదు. సరేనండీ అన్నాను.

ఆ శనివారం మామూలుగానే వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆధార్ అప్‌డేట్ చేయించనివాళ్ళు చేయించుకోండి అన్నాను. పెన్సిళ్ళు నోట్లో పెట్టుకోవద్దని ఇంట్లో చెప్పండి అన్నాను. వార్షికోత్సవం వారం ముందుకి జరిగింది, అందరూ గమనించగలరు, అని అదే గొంతుతో చెప్పి పంపేశాను. ముందు ఆవిడకి విడిగా ఫోను చేసి చెప్పాల్సింది. అంత ధైర్యం లేకపోయింది.

బదులు వచ్చేదాకా ఫోను చేతిలోంచి దించలేదు. గంట తర్వాత వచ్చింది. మోటారు చప్పుడు చాలాసేపు వినబడి, అప్పుడు మాట. "సరేనండి మేడం గారూ. టికెట్ మార్చడానికి వీలవదంటున్నారండి. మీరు మాత్రం ఏం చేస్తారు. వీడియో తీసి పెట్టండి."

నేను ఏమీ చెయ్యలేదన్న సంగతి ఆవిడకి తెలియదు.

వార్షికోత్సవం బాగానే జరిగింది. బడి ముందు టెంటు వేశారు, ఊరంతా వచ్చింది. మైకు పట్టుకుని చెప్పేదీ నేనే, పిల్లల్ని తయారుచేసేదీ నేనే. నాట్ల డాన్సు మొదలవగానే పక్కకొచ్చి ఫోను తీసి పట్టుకున్నాను. పాప వచ్చి తన చోట నిలబడింది. మొదటి చరణం చక్కగా చేసింది. వంగింది, లేచింది. రెండో చరణం మొదలవుతుండగా హెడ్మాస్టారు స్టేజి మీద నుంచి చెయ్యి ఊపుతూ పిలిచారు. పెద్దాయన వెళ్ళాలంటున్నారు, శాలువా ఎక్కడ పెట్టారు, అని. శాలువా ఆఫీసు బీరువాలో ఉంది. తాళం నా కొంగుకుంది. పరిగెత్తాను.

ఇంటికెళ్ళి చూసుకుంటే వీడియోలో సగం డాన్సు, మిగతా సగం నా చెప్పులూ, కింద పరిచిన పట్టాలూ, బీరువా తలుపూ. పాట మాత్రం చివరిదాకా వినబడుతోంది. అలాగే పంపాను, క్షమించమని రాశాను. గొంతు పంపలేకపోయాను, అందుకే రాశాను.

"పాట మొత్తం వినపడిందండి" అని బదులిచ్చింది.

సరిగ్గా మొదట అనుకున్న ఆఖరి శనివారం నాడే ఆవిడ బడికి వచ్చింది. అప్పటిదాకా నేను ఆవిడని చూడలేదు. గొంతుని బట్టి లావుగా, పొడుగ్గా ఊహించుకున్నాను. సన్నగా, నా భుజం దాకా ఉంది. అరచేతులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పిల్లలందరికీ ఖర్జూరాలూ చాక్లెట్లూ తెచ్చింది. నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే పట్టుకుని ఆపాను.

పాప అమ్మమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని వెనకే నిలబడింది. తల్లి వచ్చి రెండ్రోజులైంది, ఇంకా దగ్గరికి వెళ్ళట్లేదని అమ్మమ్మ చెప్పింది. ఫోన్లో గంటలు గంటలు మాట్లాడేదట. ఎదురుగా వచ్చేసరికి నోరు విప్పట్లేదు. రాత్రి తల్లి పక్కన వేస్తే లేచి వచ్చి అమ్మమ్మ పక్కన పడుకుంటోందట.

పాటకి ఫోనుంది కదా, వరండాలో ఒకసారి చేస్తావా అమ్మా, అని నేనే అడిగాను. మిగతా పిల్లలు ఉత్సాహంగా వరసలో నిలబడిపోయారు. ముందు వరస మధ్యలో ఖాళీ వదిలారు. తల్లి మెట్టు మీద కూర్చుంది. నేను పాట పెట్టాను. పాప కదల్లేదు.

"అయిపోయింది కదా" అంది.

"ఇంకోసారి చెయ్యవే, అమ్మ చూస్తది" అంది అమ్మమ్మ.

"ఆ రోజు అయిపోయింది" అంది పాప. కోపంగా అనలేదు, మొండిగానూ అనలేదు. అడిగినదానికి బదులు చెప్పింది, అంతే. మిగతా పిల్లలు కాసేపు ఆడి మానేశారు. పాట నేనే ఆపాను. తల్లి లేచి చీర దులుపుకుని, పోన్లెండి మేడం గారూ, సిగ్గు, అంది. తర్వాత చాక్లెట్ల కవరు పట్టుకుని అందరికీ పంచుతూ వచ్చింది. పాప దగ్గరికొచ్చేసరికి కవరులో చెయ్యి పెట్టి చాలాసేపు వెతికింది. కళ్ళు తుడుచుకోవడానికి అలా తల వంచిందని నాకర్థమైంది.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఆవిడ రోజూ భోజనాల వేళకి వచ్చేది. ఎవరూ రమ్మనలేదు, వద్దనీ అనలేదు. వంటషెడ్డులో మా వంటామెకి సాయంగా గుడ్లు వొలిచేది, కంచాలు కడిగేది. ఒక మూల కూర్చుని పిల్లలు తింటుంటే చూసేది. పాప ఆ వైపు వీపు పెట్టి కూర్చునేది.

ఒకరోజు నేను వడ్డిస్తుండగా చూశాను. ఆవిడ ఒక గుడ్డుని రెండు ముక్కలు చేసి, పచ్చసొన తీసి పక్కన పెట్టి, తెల్లది మాత్రం పాప కంచంలో వేసింది. పాప తలెత్తి చూసింది.

"నీకెలా తెలుసు?"

"మీ టీచరు గారు చెప్పేవారుగా శనివారం శనివారం. నేనూ వినేదాన్ని."

"కాకి సంగతి కూడా?"

"కాకి సంగతి కూడా" అంది తల్లి. ఆ పచ్చసొన పాప చేతిలో పెట్టింది. పాప తీసుకెళ్ళి గోడ మీద పెట్టి వచ్చి, ఈసారి తల్లికి ఎదురుగా కూర్చుంది.

ఆ తర్వాత ఒక్కొక్కటిగా జరిగాయి. జడ వేయించుకోవడం, చెయ్యి పట్టుకుని బడికి రావడం. ఏప్రిల్‌లో కాలువలకి నీళ్ళు కట్టేశాక కాలువలో మోకాలి లోతు నీళ్ళు మిగిలితే, ఇద్దరూ అందులో దిగి చిన్న చేపలు పట్టడం చూశాను. స్కూటీ ఆపి గట్టు మీద నుంచి చూస్తూ నిలబడిపోయాను. తల్లి అరుస్తోంది, పిల్ల నవ్వుతోంది. వాళ్ళకి ఇంకా పదిహేను రోజులే ఉన్నాయి.

ఆఖరి పనిదినానికి రెండ్రోజుల ముందు ఆవిడ నా దగ్గరికి వచ్చింది. వెళ్ళిపోతున్నానని పాపకి చెప్పలేకపోతున్నాననీ, నన్ను చెప్పమనీ అడిగింది. మీరు చెప్పేవన్నీ నిజమని నమ్ముతుందండి, సెలవంటే సెలవే, మాత్రలంటే మాత్రలే, అంది. ఎంతకాలానికి వస్తారని అడిగాను. రెండేళ్ళకి ఒప్పుకున్నానంది. ఇక్కడే ఏదైనా చూసుకోకూడదా అన్నాను. ఆవిడ నావైపు చూసి, చూసుకోకుండా ఉంటానా మేడం గారూ, అంది.

వార్షికోత్సవం విషయంలో నోరు మెదపనందుకు ఈ పనయినా చెయ్యాలనిపించింది. మర్నాడు పాపని వరండాలో పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. అమ్మ మళ్ళీ పనికి వెళ్తోంది. ఎల్లుండి వెళ్తుంది. నువ్వు నాలుగో తరగతి పూర్తిచేసేసరికి వచ్చేస్తుంది. పాప వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ఏడవలేదు.

"డేట్ మారుస్తారా?" అంది.

నేను మారదని చెప్పలేదు. దాని తల మీద చెయ్యి వేసి కూర్చున్నాను. అది కాసేపు చూసి, బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

జూన్‌లో బడి తెరిచేసరికి నా రెండు తరగతులే మిగిలాయి, ఒకటీ రెండూ. పాప మూడో తరగతికి హైస్కూల్లో చేరింది. హెడ్మాస్టారు రిటైరయ్యారు. వరండాలో శనివారాలు నేనొక్కదాన్నే కూర్చుని వార్తలు చెప్పేదాన్ని. వెళ్ళిపోయిన పిల్లల ఇళ్ళవాళ్ళని గ్రూపులోంచి తీసేస్తుంటే కువైట్ నుంచి ఒక మెసేజి వచ్చింది. నన్ను ఉండనివ్వండి మేడం గారూ, ఊరికే వింటానండి, అని. ఉండనిచ్చాను. తన పిల్ల లేని బడి కబుర్లు ఆవిడ ప్రతి వారం వినేది. అప్పుడప్పుడు అడిగేది కూడా. ఆ జ్వరం వచ్చిన పిల్లాడికి తగ్గిందాండీ?

మరుసటి ఏడు వానల్లో అమ్మమ్మ పోయింది. పొలంలో నాటు వేస్తూనే గుండె పట్టేసిందట. కబురు తెలిసి వెళ్ళాను. కువైట్‌లో ఆ ఇంటావిడ కూతురికి పురుడట. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరుంది, ఇప్పుడు పంపడం కుదరదన్నారట. తణుకు నుంచి వచ్చిన పాప మేనమామ ఫోను ఎత్తి పట్టుకుంటే పాప తల్లి అందులోంచే అమ్మని చూసుకుంది. ఆ ఫోనులోంచి ఏడుపు తప్ప వేరే చప్పుడు లేదు. పాప మేనమామ పక్కన నిలబడి, ఫోను జారిపోకుండా ఆయన చెయ్యి కింద తన చెయ్యి పెట్టింది.

దినకార్యాలు అయ్యాక మేనమామ పాపని తణుకు తీసుకెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి నాకూ బదిలీ అయింది. గ్రూపు కొత్తగా వచ్చిన టీచరుకి అప్పగించి నేను బయటికి వచ్చేశాను. ఆ తర్వాత ఎవరెక్కడున్నారో తెలియలేదు. ఫోను చేసి కనుక్కోవచ్చు. చెయ్యలేదు. నాలుగో తరగతి అయిపోయే వేళకి ఆవిడ వచ్చిందో లేదో తెలుసుకోవడానికి నాకు భయంగా ఉండేది.

రాలేదని ఈమధ్యే తెలిసింది. రామచంద్రపురం బస్టాండు దగ్గర పొద్దున్నే బండి మీద ఇడ్లీ వేస్తున్నామె నన్ను పేరు పెట్టకుండా "మేడం గారండీ" అని పిలిస్తే, ఆ గొంతు విని ఆగిపోయాను. రెండేళ్ళు మూడయ్యాయట. వెన్ను నొప్పి పట్టుకుని ఇక పని చెయ్యలేని స్థితికి వచ్చాక వాళ్ళే పంపించేశారట. నిరుడు వచ్చింది. ఊళ్ళో ఉన్న ఇల్లు అమ్మ పోయాక చూసేవాళ్ళు లేక కూలిపోయింది. ఇక్కడే ఒక గది తీసుకుని, తణుకు నుంచి పాపని తెచ్చుకుంది. ఆరో తరగతిలో చేర్పించింది.

బెంచీ మీద కూర్చోబెట్టి రెండు ఇడ్లీలు పెట్టింది. ఆ వార్షికోత్సవం సంగతి, ఆ రోజు హెడ్మాస్టారి దగ్గర నేను మాట్లాడకుండా ఊరుకున్న సంగతి ఆవిడకి చెప్పాను. ఆవిడ గరిటెతో చట్నీ కలుపుతూ విని, "ఒక్కరోజు చూస్తే మాత్రం ఏమయ్యేదండీ. నేను చూడని రోజులు చాలా ఉన్నాయి" అంది. క్షమించినట్టు కాదు. నిజంగానే ఆవిడకి అది ఇప్పుడు చాలా చిన్న సంగతి.

పాప ఎలా ఉందని అడిగాను. బాగా చదువుతుందట. పని కూడా చేస్తుందట, పొద్దున్నే లేచి చట్నీకి కొబ్బరి తురిమి ఇస్తుందట. ఎదురు చెప్పదు, అలగదు, ఏదీ కావాలని అడగదు.

"అమ్మా అని పిలవదండి" అంది ఆవిడ, ఇడ్లీ రేకులు దించుతూ. "కోపం కాదండి. నోరు తిరగదేమో. ఏదైనా కావాలంటే వచ్చి నా పక్కన నిలబడుతుంది. నేనే చూసుకుని అడగాలి."

అంతలో పాప వచ్చింది. యూనిఫాం వేసుకుని, రెండు జడలతో. తల్లి ఎత్తు అయిపోయింది. నన్ను చూసి గుర్తుపట్టి, నమస్తే టీచర్, అంది. ఏ తరగతి, ఏ సబ్జెక్టు ఇష్టం, ఇవే అడిగాను. చక్కగా జవాబులు చెప్పింది. తర్వాత వెళ్ళి బండి పక్కన నిలబడింది. తల్లి ఎవరికో పొట్లం కడుతోంది. వీపు ఇటు ఉంది. పిల్ల పిలవలేదు. అలాగే నిలబడి ఉంది. తల్లి పొట్లం ఇచ్చేసి, ఇటు తిరిగి, చేతులు తుడుచుకుంటూ, "ఏం కావాలమ్మా?" అని అడిగింది.

నీళ్ళ సీసా కావాలట. నింపి ఇచ్చింది. పాప తీసుకుని బడికి వెళ్ళిపోయింది.